సర్కారుకు సరుకు అమ్మాలంటే ఏ తలుపు తట్టాలి: చిన్న యూనిట్లకు పోలిక

జీడిమెట్లలోనో, గాజువాక ఆటోనగర్‌లోనో పది పన్నెండు మంది పనివాళ్లతో నడిచే యూనిట్‌కు ప్రభుత్వాన్ని కొనుగోలుదారుగా పట్టుకోవడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు. ఎటు నుంచి వెళ్లాలన్నదే చిక్కు. అదే సరుకును ప్రభుత్వ కొనుగోళ్ల ఆన్‌లైన్ పోర్టల్ జెమ్‌లో అమ్మొచ్చు, ప్రభుత్వ రంగ సంస్థకు నేరుగా టెండర్ వేయొచ్చు, రాష్ట్ర శాఖల ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో పోటీపడొచ్చు, పెద్ద కంపెనీ కింద జాబ్‌వర్క్ చేయొచ్చు, లేదా ప్రభుత్వ పథకం కోసం టెస్కో, ఆప్కో లాంటి చేనేత సహకార సంస్థలిచ్చే ఆర్డర్ చేయొచ్చు. ఐదింటికీ నియమాలు వేరు, డబ్బు చేతికొచ్చే వేగం వేరు, దెబ్బతినే చోటు వేరు.

ఆర్డర్ ఎంత పెద్దదో చూసి దిగేవాళ్లే ఎక్కువ. అది తలకిందుల పద్ధతి. ఎన్ని నెలలు డబ్బు ఇరుక్కున్నా జీతాలు ఆగకుండా నడపగలరో ముందు తేల్చుకోవాలి, ఆ తర్వాతే దారి.

ఉద్యమ్ కాగితంలోనే చాలా బిడ్లు పోతాయి

కేంద్ర ప్రభుత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల (ఎంఎస్‌ఈల) నుంచి తీసుకోవాలన్నది 2012 నాటి కొనుగోలు విధానం. మొదట ఇది 20 శాతం. 2018లో సవరించి 25 చేశారు. అందులో ఎస్సీ, ఎస్టీ యజమానుల సంస్థలకు 4 శాతం, మహిళల సంస్థలకు 3 శాతం. 358 వస్తువులను పూర్తిగా చిన్న సంస్థలకే వదిలేశారు; చీపుళ్లు, బకెట్లు, చెప్పులు, సంచుల్లాంటివి ఈ జాబితాలో ఉంటాయి. టెండర్ ఫారం ఉచితం, ఈఎండీ (బిడ్‌తో పాటు కట్టే ధరావతు) మినహాయింపు.

ఇవన్నీ రావాలంటే ఉద్యమ్, అంటే చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్ ఉండాలి, అందులో మీరు చేసే పని సరిగ్గా నమోదై ఉండాలి. బిడ్లు ఎక్కువగా కొట్టేసేది ఇక్కడే. సొంతంగా తయారు చేసే యూనిట్ కూడా ఎవరో మీసేవ కుర్రాడు నింపిన ఫారంలో ‘ట్రేడింగ్’ అని పడిపోతే ఎంఎస్‌ఈ ప్రయోజనం రాదు. 2021 నుంచి వ్యాపారులకూ ఉద్యమ్ ఇస్తున్నారు కానీ అది బ్యాంకు రుణాల ప్రాధాన్యానికే పనికొస్తుంది, కొనుగోలు ప్రాధాన్యానికి కాదు. మీ పని రకాన్ని చెప్పే ఎన్‌ఐసీ కోడ్ మీరు బిడ్ వేసే వస్తువుతో సరిపోతోందా, యూనిట్ చిరునామా జీఎస్టీలో ఉన్నదేనా, పాన్, జీఎస్టీ అనుసంధానం అయ్యాయా అన్నవి బిడ్ రోజున కాదు, ఇప్పుడే చూసుకోండి. సవరణ ఉచితం.

ఇంకో రెండు విషయాలు. ఈ విధానం వస్తువులకు, సేవలకే. రోడ్లు, భవనాల్లాంటి వర్క్స్ కాంట్రాక్టులకు వర్తించదు. మధ్యతరహా సంస్థలకూ వర్తించదు. 2025 ఏప్రిల్ 1 నుంచి పరిమితులు పెరిగాయి: పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్ల లోపు సూక్ష్మ. 25 కోట్లు, 100 కోట్ల లోపు చిన్న. పాత పరిమితులు దాటి ‘మధ్యతరహా’ అయిపోయిన యూనిట్లు కొన్ని ఈ మార్పుతో మళ్లీ ‘చిన్న’లోకి వచ్చాయి, తమ స్థితి ఒకసారి చూసుకోవాలి.

పదిహేను శాతం పట్టీ: లెక్కతో చూస్తే

‘చిన్న సంస్థలకు ఎక్కువ ధర ఇస్తారు’ అన్నది అపోహ. ఎక్కువ ధర ఇవ్వరు, తక్కువ ధరకు సరిపెట్టే అవకాశం ఇస్తారు. 400 ఎల్‌ఈడీ వీధి దీపాల టెండర్ అనుకోండి. ఒక పెద్ద కంపెనీ 2,000 రూపాయలకు వేసి ఎల్-1, అంటే అందరికంటే తక్కువ ధర వేసిన బిడ్డర్ అయింది. మీరు 2,250 వేశారు. ఎల్-1 మీద 15 శాతం అంటే 2,300 దాకా పట్టీ, అంటే చిన్న సంస్థలకు అవకాశం ఉన్న ధరల పరిధి. మీరు లోపలే ఉన్నారు. అప్పుడు కొనుగోలుదారు మిమ్మల్ని పిలిచి 2,000కు ఇస్తారా అని అడుగుతాడు. ఒప్పుకుంటే 25 శాతం, అంటే 100 దీపాలు మీవి. 2,310 వేసి ఉంటే అసలు పిలుపే రాదు. పట్టీలో ఇద్దరు ముగ్గురు చిన్న సంస్థలుంటే ఆ 100ను పంచుతారు. ఎల్-1గా వచ్చినదే చిన్న సంస్థ అయితే ఈ పిలుపు ఉండదు. సరుకు విడగొట్టడానికి వీల్లేనిదైతే మొత్తం ఆర్డర్ పట్టీలో ఉన్న చిన్న సంస్థకే ఇవ్వొచ్చు.

కాబట్టి బిడ్ వేసేటప్పుడు రెండు ధరలు మీ దగ్గర రాసి ఉండాలి: వేసే ధర, దిగగలిగే ఆఖరి ధర. దీపం తయారీ, టెస్ట్ రిపోర్టులు, బీఐఎస్ ఖర్చు, మూడు ఊళ్లకు రవాణా కలిపి 1,850 పడితే 2,000కు ఒప్పుకోవచ్చు. 1,980 పడితే వద్దనండి; కాదంటే అవకాశం తర్వాతి చిన్న సంస్థకు వెళ్తుంది. పోటీదారులు ధర తగ్గించుకుంటూ పోయే రివర్స్ ఆక్షన్‌లో ఈ ఆఖరి ధర మరీ ముఖ్యం. చివరి పది నిమిషాల్లో పంతానికి పోయి దిగిన ధరకే వారంటీ ముగిసేదాకా కట్టుబడి ఉండాలి.

పది లక్షల ఆర్డర్‌కు ఎంత డబ్బు పెట్టాలి

దారులను పోల్చడానికి ఈ లెక్కే కొలబద్ద. ఆర్డర్ విలువ 10 లక్షలు, జీఎస్టీ 18 శాతంతో 11.8 లక్షలు. ముడిసరుకు 6.5 లక్షలు, దాని మీద జీఎస్టీ 1.17 లక్షలు. కూలీ, కరెంటు 1.6 లక్షలు, రవాణా 40 వేలు. బిల్లు వేశాక వచ్చే నెల 20కి మిగతా జీఎస్టీ 63 వేలు కట్టాలి. ప్రభుత్వం మీకు డబ్బు ఇచ్చిందా లేదా అన్నది జీఎస్టీకి పట్టదు. ఆర్డర్ సరిగ్గా నెరవేరుస్తామన్న పూచీకి ఇచ్చే పెర్ఫార్మెన్స్ గ్యారంటీ 5 శాతం అనుకుంటే మరో 59 వేలు బ్యాంకులో కదలకుండా ఉంటాయి. ఎంఎస్‌ఈ మినహాయింపు ఈఎండీకే గానీ ఈ గ్యారంటీకి కాదని చాలామందికి ఆర్డర్ చేతికొచ్చాకే తెలుస్తుంది. వారంటీ ముగిశాక మరో 60 రోజుల దాకా అది అక్కడే ఉంటుంది.

మొత్తం దాదాపు 10.9 లక్షలు ముందే పెట్టాలి. మిగిలే లాభం లక్షన్నర. నెలకు ఒక శాతం వడ్డీకి తెస్తే మూడు నెలల్లో 33 వేలు పోతాయి. ఎనిమిది నెలలైతే 87 వేలు, అంటే లాభంలో సగానికి పైన. అదే సరుకు, అదే ధర; మారింది బిల్లు వచ్చే వేగం ఒక్కటే.

మరో చిన్న లీకు: రెండున్నర లక్షలు దాటిన ఒప్పందాలపై ప్రభుత్వ కొనుగోలుదారు 2 శాతం జీఎస్టీ టీడీఎస్ పట్టుకుంటాడు. పది లక్షల మీద 20 వేలు. అది పోయిన డబ్బు కాదు. జీఎస్టీ పోర్టల్‌లో టీడీఎస్ క్రెడిట్ పేజీ తెరిచి అంగీకరిస్తే మీ క్యాష్ లెడ్జర్‌లో పడుతుంది. అంగీకరించకుండా వదిలేసిన యూనిట్లు లెక్కలేనన్ని.

జెమ్

2016లో మొదలైన ఈ పోర్టల్ ఇప్పుడు కేంద్ర శాఖలకు తప్పనిసరి. 50 వేల దాకా కొనుగోలుదారు నచ్చిన అమ్మకందారు నుంచి నేరుగా కొనొచ్చు. 50 వేల నుంచి 10 లక్షల దాకా కనీసం ముగ్గురు తయారీదారుల సరుకు పోల్చి తక్కువ ధరకు కొనాలి. అంతకు మించితే బిడ్ లేదా రివర్స్ ఆక్షన్. ఆర్డర్ విలువ 10 లక్షల లోపైతే అమ్మకందారు నుంచి లావాదేవీ రుసుము లేదు, 2024 ఆగస్టులో తీసేశారు. అంతకు మించి 10 కోట్ల దాకా 0.30 శాతం.

కొత్తవాళ్లకు మంచి చోటు ఆ మొదటి రెండు మెట్లే. చిన్న ఆర్డర్లు, తక్కువ కాగితాలు, రికార్డు కట్టుకునే వీలు. కానీ క్యాటలాగ్ పెట్టి మర్చిపోతే ప్రమాదం. స్టాక్ 200 అని చూపించి, ఉక్కు ధర పెరిగినా ధర మార్చక, ఆర్డర్ వచ్చాక ‘ఇవ్వలేం’ అంటే కొనుగోలుదారు పోర్టల్‌లో ఇన్సిడెంట్, అంటే ఫిర్యాదు పెడతాడు. అది రేటింగ్ మీద పడుతుంది, ముదిరితే ఖాతా సస్పెండ్ అవుతుంది. స్టాక్ తక్కువే చూపించండి, ధర నెలకోసారైనా చూడండి. ఆలస్యమైతే వారానికి అర శాతం, గరిష్ఠంగా 10 శాతం కోత.

పెద్ద బిడ్ పత్రంలో ముందు చూడాల్సింది కొనుగోలుదారు విడిగా చేర్చిన షరతులు. ‘ఎంఎస్‌ఈలకు అనుభవం, టర్నోవర్ సడలింపు: అవును/కాదు’ అనే గడి ఉంటుంది. ‘కాదు’ అని ఉండి, అడిగిన అనుభవం, టర్నోవర్ మీకు లేకపోతే ఎంత మంచి ధర వేసినా సాంకేతిక దశలోనే ఆపేస్తారు. ఈ సడలింపు ఇవ్వాలా వద్దా అన్నది కొనుగోలుదారు ఇష్టం, మీ హక్కు కాదు. ‘ఎంఎస్‌ఈ కొనుగోలు ప్రాధాన్యం’ గడి వేరు, రెండూ చూడాలి.

డబ్బు విషయానికొస్తే, నియమం బాగుంది: సరుకు అందిన పది రోజుల్లో అంగీకార ధ్రువపత్రం, అంటే సీఆర్‌ఏసీ, తర్వాత పది రోజుల్లో చెల్లింపు. గొలుసు తెగేది సీఆర్‌ఏసీ దగ్గరే. సరుకు తీసుకున్న స్టోర్‌కీపర్ వేరు, పోర్టల్‌లో అంగీకారం నొక్కాల్సిన అధికారి, అంటే కన్సైనీ వేరు. డెలివరీ రోజునే కన్సైనీ పేరు, ఫోన్ కనుక్కుని, చలాన్ మీద తేదీతో సంతకం తీసుకోవడం నెల రోజులు మిగులుస్తుంది.

ప్రభుత్వ రంగ సంస్థలు, రైల్వే

రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, కంచన్‌బాగ్ మిధాని, ఈసీఐఎల్, బీడీఎల్, విశాఖలో స్టీల్‌ప్లాంట్, హిందుస్థాన్ షిప్‌యార్డ్, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ. మన ఊళ్లలోనే ఇన్ని ఉన్నాయి. ఇక్కడికి చేరడం నెమ్మది, కానీ చేరాక నిలకడ. వెండర్ నమోదుకు యంత్రాల జాబితా, కరెంటు బిల్లు, గత ఆర్డర్లు, ఐఎస్‌ఓ 9001 అడుగుతారు. ఫ్యాక్టరీకి వచ్చి చూస్తారు. మొదట ట్రయల్ ఆర్డర్ ఇస్తారు.

ధర కంటే కాగితాలే ఇక్కడ యూనిట్లను ముంచుతాయి. ఫ్యాబ్రికేషన్ పని తీసుకుంటే ప్లేటు మీద హీట్ నంబర్ (ఆ ఉక్కు ఏ పోతలోదో చెప్పే అంకె), మిల్లు టెస్ట్ సర్టిఫికెట్‌లో ఉన్న హీట్ నంబర్ ఒకటే కావాలి. ప్లేటు కోసిన తర్వాత మిగిలిన ముక్కల మీద ఆ నంబర్ మళ్లీ పంచ్ చేయకపోతే, ముక్క మంచిదే అయినా తనిఖీలో పక్కన పెడతారు. వెల్డింగ్ పద్ధతికి, వెల్డర్‌కు అర్హత పరీక్ష ముందే జరగాలి. పని అయ్యాక చేయించుకుంటామంటే కుదరదు. తనిఖీకి పిలిచే ముందు కొలతల రిపోర్టు మీరే తయారుచేసి పెట్టుకోవాలి. ఇన్‌స్పెక్టర్ వచ్చి ఖాళీగా వెళ్తే మళ్లీ తేదీ దొరకడానికి రెండు మూడు వారాలు. డెలివరీ గడువు మాత్రం ఆగదు.

రైల్వేలో భద్రతకు సంబంధించిన వస్తువులకు రైల్వే పరిశోధన, ప్రమాణాల సంస్థ ఆర్‌డీఎస్‌ఓ ఆమోదం కావాలి. మొదట ‘అభివృద్ధి’ వెండర్‌గా కొద్ది మోతాదు ఇస్తారు, పనితీరు చూశాక పూర్తి స్థాయి. ఇది నెలల్లో కాదు, ఏళ్లలో లెక్క. సాధారణ స్టోర్ వస్తువులకైతే రైల్వే టెండర్ల పోర్టల్ ఐఆర్‌ఈపీఎస్‌లో దక్షిణ మధ్య రైల్వే టెండర్లు వెంటనే చూడొచ్చు.

ఈ దారికి ఉన్న పెద్ద లాభం ట్రెడ్స్, అంటే బిల్లులను బ్యాంకులకు అమ్ముకునే ఆన్‌లైన్ వేదికలు. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు, 250 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలు ట్రెడ్స్ వేదికల్లో చేరాలని ప్రభుత్వం 2024 నవంబరులో ఆదేశించింది. బిల్లు అక్కడ పెట్టి కొనుగోలుదారు ఒప్పుకుంటే బ్యాంకులు పోటీపడి దాన్ని కొంటాయి. వడ్డీ మీ పరపతిని బట్టి కాదు, కొనేవాళ్ల పరపతిని బట్టి. వాళ్లు తర్వాత కట్టకపోయినా బ్యాంకు మీ మీద పడదు. ఒక మెలిక ఉంది: ఆ ఆదేశం చేరడాన్నే తప్పనిసరి చేసింది గానీ ప్రతి బిల్లునూ ఒప్పుకోవడాన్ని కాదు. మీరు సరుకిచ్చే యూనిట్ ఫైనాన్స్ విభాగం నిజంగా ట్రెడ్స్‌లో బిల్లులు అంగీకరిస్తోందా అని పాత వెండర్లను అడిగి తెలుసుకోండి. నెలల ఎదురుచూపును రోజులకు దించేది ఈ ఒక్క సమాధానమే.

కేంద్రం నడిపే చిన్న పరిశ్రమల సంస్థ ఎన్‌ఎస్‌ఐసీ ఇచ్చే సింగిల్ పాయింట్ రిజిస్ట్రేషన్ తీసుకోవాలా? ఈఎండీ మినహాయింపుకు ఇప్పుడు ఉద్యమ్ చాలు. సామర్థ్యం తనిఖీ చేయించుకున్న ధ్రువపత్రం చేతిలో ఉండాలనుకుంటేనే దానికి రుసుము పెట్టండి.

రాష్ట్ర శాఖల టెండర్లు

ఇక్కడ మొదట గుర్తుంచుకోవాల్సింది: కేంద్రం 25 శాతం నియమం రాష్ట్ర శాఖలను కట్టిపడేయదు. రాష్ట్రం ఇచ్చే రాయితీ ఏదైనా ఆ టెండర్ పత్రంలో రాసి ఉంటేనే ఉన్నట్టు. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. అక్కడా ఊహించుకోకుండా పత్రం చదవాలి. రెండు రాష్ట్రాల ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టళ్లకూ క్లాస్-3 డిజిటల్ సంతకం కావాలి. దాని గడువు బిడ్ మధ్యలో ముగిసిపోవడం, చివరి గంటలో అప్‌లోడ్ ఆగిపోవడం మామూలు. ముందు రోజే పెట్టేయండి.

దగ్గరి ఊరు, తెలిసిన మనుషులు, తక్కువ రవాణా: ఇవి లాభాలు. బిల్లు మాత్రం శాఖ మంజూరు చేశాక ట్రెజరీకి లేదా పీఏఓకు (చెల్లింపులు, లెక్కల కార్యాలయానికి) వెళ్లి నిధుల విడుదల కోసం క్యూలో నిలబడుతుంది. శాఖాధికారి మంచివాడైనా ఆ క్యూ ఆయన చేతిలో ఉండదు. పై లెక్కలో ఎనిమిది నెలల గడిని ఈ దారి కోసమే వేశాం. పనికి బడ్జెట్ కేటాయింపు జరిగిందా, పరిపాలనా మంజూరు నంబర్ ఉందా, కేంద్ర పథకం డబ్బా రాష్ట్రం సొంత డబ్బా అని ప్రీ-బిడ్ సమావేశంలోనే అడగండి.

పథకాల ఆర్డర్లు: సిరిసిల్ల పాఠం

ప్రభుత్వ కొనుగోలు ఒక ఊరిని ఎంత లేపగలదో, ఎంత ఇరికించగలదో సిరిసిల్ల కంటే బాగా చెప్పే చోటు లేదు. 2017లో బతుకమ్మ చీరల పంపిణీ మొదలైంది. తొలి ఏడాది మగ్గాలు అంత సరుకు ఇవ్వలేక సూరత్ నుంచి కూడా తెప్పించారు, నాణ్యత మీద విమర్శలొచ్చాయి. తర్వాతి ఏళ్లలో ఆర్డర్ సిరిసిల్ల మరమగ్గాలకు మళ్లింది. ఏటా కోటి దాకా చీరలు. పనివాళ్లకు నెలల తరబడి చేతినిండా పని, డాబీ, జకార్డ్ డిజైన్లకు మారిన మగ్గాలు.

2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. ఆ ఆర్డర్ ఆగిపోయింది, పాత బకాయిలు నిలిచిపోయాయి, 2024 మొదట్లో మగ్గాలు మూతపడ్డాయి. తర్వాత ఇందిరా మహిళాశక్తి చీరల పేరుతో మళ్లీ పని వచ్చింది కానీ మధ్యలో వలస వెళ్లినవాళ్లు వెళ్లారు. తప్పు ఆర్డర్ తీసుకోవడంలో లేదు. ఊరు మొత్తం ఒకే చీర, ఒకే కొనుగోలుదారు, ఒకే సీజన్ మీద నిలబడటంలో ఉంది.

అందుకని పథకం ఆర్డర్ వస్తే వదులుకోవద్దు, కానీ దానికోసం ప్రత్యేకంగా పనికొచ్చే యంత్రం కొనొద్దు. బయటి మార్కెట్‌కు కూడా పనికొచ్చే యంత్రమైతేనే అప్పు చేయండి. యార్న్ వాళ్లిస్తున్నారా, మీరే కొనాలా అన్నది ముందు తేల్చండి. వాళ్లే ఇస్తే ఇరుక్కునేది కూలీ ఒక్కటే, నష్టం సగానికి తగ్గుతుంది. స్కూలు యూనిఫాంలు కుట్టే మహిళా సంఘాలకూ ఇదే: బట్ట వాళ్లది, కుట్టుకూలీ మీది అయితే పెట్టుబడి తక్కువ. కాకపోతే కొలతలు ఆలస్యంగా ఇచ్చి, బడులు తెరిచే తేదీకి సరుకు కావాలంటారు. బట్ట, కొలతలు రెండూ చేతికొచ్చిన రోజు నుంచే గడువు మొదలవుతుందని రాయించుకోండి.

పెద్ద కంపెనీ కింద

పెద్ద సంస్థ చిన్న సంస్థకిచ్చే సబ్‌కాంట్రాక్టు కూడా 25 శాతం లెక్కలోకి వస్తుంది కాబట్టి వాళ్లకూ మీ అవసరం ఉంటుంది. మెటీరియల్ వాళ్లిచ్చి పని మీరు చేస్తే 10.9 లక్షల లెక్క రెండు మూడు లక్షలకు దిగుతుంది. మార్జిన్ కూడా అలాగే దిగుతుంది. చలాన్ మీద వచ్చిన మెటీరియల్ ఏడాదిలోపు తిరిగి వెళ్లాలి. తుక్కు ఎవరిది, ఎంత శాతం వృథాను ఒప్పుకుంటారు అన్నది పర్చేజ్ ఆర్డర్‌లోనే ఉండాలి. ‘మాకు ప్రభుత్వం ఇచ్చాక మీకిస్తాం’ అన్న షరతును కొట్టేయించండి.

బిల్లు ఆగితే

ఏ దారిలో వెళ్లినా ఎంఎస్‌ఎంఈడీ చట్టం మీ వెనక ఉంది. ఒప్పందం ఎలా ఉన్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టే. రాష్ట్ర శాఖలకూ ఇది వర్తిస్తుంది. ఫిర్యాదు చేయాల్సింది ఈ చట్టం కింద బాకీ గొడవలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు. తీర్పును సవాలు చేయాలంటే కొనుగోలుదారు ముందు 75 శాతం జమచేయాలి. ఉద్యమ్ నమోదు ఆర్డర్ తర్వాత తేదీతో ఉంటే కేసు బలహీనపడుతుంది. వర్క్స్ కాంట్రాక్టులకు ఈ చట్టం పనిచేస్తుందా అన్నది కోర్టుల్లో నలిగే విషయం, దాని మీద ఆధారపడొద్దు.

ఎవరికి ఏది

నెల ఖర్చుకు మించి నిల్వ లేని కొత్త యూనిట్: జెమ్‌లో 10 లక్షల లోపు ఆర్డర్లు, పక్కన ఒక పెద్ద కంపెనీ జాబ్‌వర్క్. మూడు నాలుగు నెలలు తట్టుకోగలిగి, మెషినింగ్, ఫ్యాబ్రికేషన్ చేసేవాళ్లు: బిల్లులు ట్రెడ్స్‌లో నిజంగా అంగీకరించే ఒక్క ప్రభుత్వ రంగ సంస్థను ఎంచుకుని దాని కాగితాల పద్ధతి నేర్చుకోవడం, అయిదింటికి ఒకేసారి నమోదు చేసుకోవడం కంటే ఇదే మేలు. ఎస్సీ, ఎస్టీ, మహిళా యజమానులు కేంద్ర సంస్థల వైపే మొగ్గాలి, ఆ ఉపకోటాలను నింపుకోవడానికి సంస్థలే వెతుకుతుంటాయి. రాష్ట్ర టెండర్లు ఏడెనిమిది నెలలు ఆగగలిగేవాళ్లకే, అదీ మొత్తం టర్నోవర్‌లో మూడో వంతుకు మించకుండా. నేత, కుట్టు సంఘాలు పథకాల ఆర్డర్‌ను సీజన్ పనిగా చూసి, మిగతా నెలలకు దుకాణాల ఆర్డర్లు వదులుకోకూడదు.

ఏది ఎంచుకున్నా డెలివరీని మార్చి చివరి వారానికి పెట్టుకోవద్దు. ఆ వారంలో అంగీకార సంతకం పడకపోతే బిల్లు పాత బడ్జెట్‌లో మురిగిపోయి, కొత్త కేటాయింపు కోసం మళ్లీ మొదటి నుంచి తిరుగుతుంది. ఫిబ్రవరి 20 లోపు సరుకు గోదాములో దిగేలా ఒప్పుకోండి, కుదరకపోతే ఏప్రిల్ తేదీ అడగండి.